గ్రంథస్వామ్యం: హక్కు – హద్దు

పాఠ్యభాగ ఉద్దేశం

రచన చేసినవారికి ఆ రచనపై ఉండే హక్కును గ్రంథస్వామ్యం అంటారు. కాపీరైటు అనేది దీనికి వ్యవహార నామం. చదువులో భాగంగా విద్యార్థులు వ్యాసాలను, చిత్రాలను, వీడియోలను అంతర్జాలంలో ప్రకటిస్తున్న ఈ కాలంలో ఆ హక్కు స్వరూపాన్ని, చట్టం అనుమతించిన న్యాయసమ్మత వినియోగం హద్దులను తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

ఒక జూనియర్ కళాశాలను ఊహించవచ్చు. ఆ కళాశాల విద్యార్థులు ఏటా ఒక సంచిక వెలువరిస్తారు. పూర్వం అది రెండు మూడు వందల ప్రతులుగా అచ్చయి, గ్రంథాలయంలోనూ విద్యార్థుల ఇళ్లలోనూ ఉండిపోయేది. ఈసారి ముద్రణ వ్యయం తగ్గించుకోవడానికి సంచికను అంతర్జాలంలో ఉంచాలని నిర్ణయించారు. సంపాదకవర్గంలోని విద్యార్థులు ఉత్సాహంతో పని ప్రారంభించారు. ఒకరు ఆధునిక తెలుగు కవిత్వంపై వ్యాసం రాసి, అందులో గురజాడ గేయం ఒకటి, శ్రీశ్రీ గేయం ఒకటి మొదటి నుంచి చివరి వరకు చేర్చారు. మరొకరు ఆ వ్యాసానికి అలంకారంగా అంతర్జాలంలో వెదికి పట్టుకున్న ఛాయాచిత్రాన్ని అతికించారు. ఇంకొకరు హైదరాబాదు వెళ్లినప్పుడు హుస్సేన్ సాగర్ గట్టు మీది కవుల విగ్రహాలకు తీసిన ఫోటోలు ఇచ్చారు. వార్షికోత్సవంలో ప్రదర్శించిన నృత్యం వీడియో, నేపథ్యంలోని కొత్త సినిమా పాటతో సహా, సంచికలో చేరింది. ద్వితీయ సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థిని తమ ఊరి చెరువు ఎండిపోయిన వైనాన్ని కథగా రాసి ఇచ్చింది.

సంచిక వెలువడిన నెల తిరగక ముందే రెండు సంఘటనలు జరిగాయి. ఛాయాచిత్రం తీసిన వ్యక్తి నుంచి ప్రిన్సిపాలుకు లేఖ వచ్చింది. తన అనుమతి లేకుండా, తన పేరైనా లేకుండా చిత్రాన్ని ఎలా ప్రచురించారని ఆయన ప్రశ్న. అదే వారంలో ఆ విద్యార్థిని తన కథను వేరొక చోట, వేరొకరి పేరుతో చూసింది. శీర్షిక మారింది, చెరువు పేరు మారింది, తక్కిన వాక్యాలన్నీ ఆమెవే. మొదటి సంఘటనలో విద్యార్థులు ఒకరి హక్కును భంగపరిచినవారు. రెండవ సంఘటనలో తమ హక్కును కోల్పోయినవారు. రెండింటికీ వర్తించే న్యాయం ఒక్కటే. ఆ న్యాయమే గ్రంథస్వామ్యం.

చారిత్రక నేపథ్యం

ఇతరుల రచనను అపహరించడం దోషమనే భావన భారతీయులకు కొత్తది కాదు. క్రీ.శ. 900 ప్రాంతంలో జీవించిన రాజశేఖరుడు తన 'కావ్యమీమాంస'లో శబ్దహరణం, అర్థహరణం అనే విషయాలను ప్రత్యేకంగా చర్చించాడు. ఏది చౌర్యం, ఏది పూర్వకవుల నుంచి నేర్చుకోవడం అనే విచక్షణ ఆ చర్చకు ప్రాణం. అయితే ఆ కాలంలో గ్రంథానికి ప్రతి రాయడం నేరం కాదు, మహోపకారం. తాళపత్రం శిథిలం కాకముందే దానికి మరొక ప్రతి రాసిన లేఖకుని వల్లనే కావ్యాలు తరాలు దాటి నిలిచాయి. ఒక ప్రతి రాయడానికి నెలలు పట్టేది కనుక దానివల్ల కవికి కలిగే ఆర్థిక నష్టం అనే ప్రశ్న తలెత్తలేదు.

ముద్రణాయంత్రం ఈ స్థితిని మార్చింది. ఒక రచనను కొద్ది రోజులలో వేల ప్రతులుగా అచ్చువేసి అమ్మడం సాధ్యమైంది. ప్రతి తీయడం సేవ కాక వ్యాపారమైంది. శ్రమ ఒకరిది, లాభం మరొకరిది కాకుండా చూడవలసిన అవసరం కలిగింది. బ్రిటన్‌లో 1710లో అమలులోకి వచ్చిన అన్ రాణి శాసనం ఈ విషయంలో మొదటి మెట్టు. కొత్త గ్రంథాలపై రచయితకు 14 ఏళ్లు హక్కు ఇచ్చి, అప్పటికి రచయిత జీవించి ఉంటే మరొక 14 ఏళ్లు పొడిగించడం అందులోని ఏర్పాటు. ఆ శాసనం పేరులోనే విద్యకు ప్రోత్సాహం అనే మాట ఉండటం గమనించదగినది. రచయితకు జీవనాధారం, సమాజానికి జ్ఞానం – ఈ రెండింటినీ కూర్చడమే తొలి నుంచి ఈ చట్టాల ఆశయం.

భారతదేశంలో కంపెనీ పాలనలో 1847లోను, ఆ తరువాత 1914లోను గ్రంథస్వామ్య చట్టాలు వచ్చాయి. స్వతంత్ర భారత పార్లమెంటు 1957లో చేసిన కాపీరైటు చట్టం 1958 జనవరి 21 నుంచి అమలులోకి వచ్చింది. దానికి పలుమార్లు సవరణలు జరిగాయి. అంతర్జాల యుగానికి తగిన ఏర్పాట్లను చేర్చిన 2012 నాటి సవరణ వాటిలో ముఖ్యమైనది. సాహిత్య, కళా రచనల రక్షణకు 1886లో కుదిరిన బెర్న్ ఒడంబడికలో భారతదేశం 1928 నుంచి భాగస్వామి. అందువల్ల విదేశీయుల రచనలకు ఇక్కడ, ఇక్కడివారి రచనలకు విదేశాలలో రక్షణ లభిస్తుంది.

దేనికి రక్షణ? దేనికి లేదు?

సాహిత్యం, నాటకం, సంగీతం, చిత్రలేఖనం, శిల్పం, ఛాయాచిత్రం, చలనచిత్రం, ధ్వనిముద్రణ – వీటన్నింటికీ ఈ చట్టం వర్తిస్తుంది. కంప్యూటరు ప్రోగ్రాములను చట్టం సాహిత్య రచనలలో చేర్చింది. రక్షణ పొందడానికి రచన గొప్పది కానవసరం లేదు. ఒకరి సొంత కృషి ఫలితమైతే చాలు. దానిని నమోదు చేయించనవసరం కూడా లేదు. రచన కాగితం మీదనో యంత్రం మీదనో రూపం ధరించిన క్షణం నుంచే హక్కు ఏర్పడుతుంది. నమోదు చేయించడం ఐచ్ఛికం. వివాదం వచ్చినప్పుడు అది సాక్ష్యంగా ఉపకరిస్తుంది. పదహారేళ్ల విద్యార్థిని రాసిన కథకు, పండితుడు రాసిన గ్రంథానికి ఈ విషయంలో భేదం లేదు.

అయితే చట్టం రక్షించేది భావాన్ని కాదు. భావం ధరించిన రూపాన్ని. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ వ్యాజ్యంలో స్పష్టం చేసింది. ఆనంద్ రచించిన 'హమ్ హిందుస్తానీ' నాటకాన్ని అనుకరించి 'న్యూఢిల్లీ' చలనచిత్రాన్ని నిర్మించారన్నది అభియోగం. ప్రాంతీయ దురభిమానం అనే ఇతివృత్తం రెండింటిలో ఉన్నా, దానిని నడిపిన తీరు వేరని, ఇతివృత్తంపై ఎవరికీ గుత్తాధిపత్యం లేదని న్యాయస్థానం తీర్పు చెప్పింది. కనుక చెరువు ఎండిపోవడాన్ని గురించి ఎవరైనా కథ రాయవచ్చు. విద్యార్థిని పొదిగిన సన్నివేశాలను, వాక్యాలను మాత్రం తీసుకోరాదు.

అదే విధంగా వాస్తవాలు ఎవరి సొత్తూ కావు. గురజాడ 1915లో మరణించాడన్న విషయాన్ని ఏ గ్రంథం నుంచి తెలుసుకున్నా, దానిని సొంత మాటలలో రాయడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ వాస్తవాన్ని చెప్పిన విమర్శకుని వాక్యాలను యథాతథంగా ఎత్తి రాసినప్పుడే ప్రశ్న ఉదయిస్తుంది.

హక్కుకు గడువు

గ్రంథస్వామ్యం శాశ్వతం కాదు. సాహిత్య, సంగీత, చిత్ర, శిల్ప రచనలకు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. ఆ 60 ఏళ్లను రచయిత మరణించిన మరుసటి సంవత్సరం ఆరంభం నుంచి లెక్కిస్తారు. చలనచిత్రాలకు, ధ్వనిముద్రణలకు మాత్రం అవి వెలువడిన మరుసటి సంవత్సరం నుంచి 60 ఏళ్లు. గడువు తీరిన రచన ప్రజల ఉమ్మడి సొత్తవుతుంది. దానిని ఎవరైనా అచ్చువేయవచ్చు, పాడవచ్చు, అనువదించవచ్చు.

పూర్వం రచయిత మరణానంతరం 50 ఏళ్ల రక్షణ ఉండేది. రవీంద్రనాథ్ ఠాగూరు 1941లో మరణించినందున ఆయన రచనలపై విశ్వభారతికి ఉన్న హక్కు 1991తో ముగియవలసి ఉంది. ఆ దశలో, 1992లో చట్టాన్ని సవరించి గడువును 60 ఏళ్లకు పెంచారు. ఠాగూరు రచనలు 2001 చివరి వరకు రక్షణ పొంది, ఆ తరువాత అందరివీ అయ్యాయి. 1948లో మరణించిన గాంధీజీ రచనలపై నవజీవన్ ట్రస్టు హక్కు 2008తో ముగిసింది.

ఈ లెక్కను తెలుగు కవులకు అన్వయించి చూడవచ్చు. నన్నయ, తిక్కన, పోతనల కావ్యాలు ఎన్నడో అందరివి. 1915లో మరణించిన గురజాడ, 1919లో మరణించిన కందుకూరి వీరేశలింగం రచనలను స్వేచ్ఛగా వాడుకోవచ్చు. 1971లో మరణించిన జాషువ రచనలకు 2031 చివరి వరకు, 1983లో మరణించిన శ్రీశ్రీ రచనలకు 2043 చివరి వరకు రక్షణ ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పోతన పద్యం అందరిదే అయినా, దానికి నేటి పండితుడు రాసిన వ్యాఖ్య ఆ పండితునిది. ఆ పద్యాన్ని నేటి గాయకుడు పాడిన ధ్వనిముద్రణపై వేరొక హక్కు ఉంటుంది. సినిమా పాటలో సాహిత్యం, బాణీ, ధ్వనిముద్రణ అనే మూడు పొరలు ఉంటాయి. 1963లో విడుదలైన 'నర్తనశాల' చిత్రాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. చలనచిత్రంగా దాని గడువు 2023తో ముగిసింది. దానికి సంగీతం సమకూర్చిన సుసర్ల దక్షిణామూర్తి 2012లో మరణించారు. కనుక బాణీలకు గడువు 2072 వరకు ఉంది. ఒక పొర తొలగినంత మాత్రాన అన్ని పొరలూ తొలగినట్లు కాదు.

న్యాయసమ్మత వినియోగం

గడువు తీరే వరకు ఎవరూ ఏ రచననూ తాకరాదంటే విమర్శ ఉండదు, పరిశోధన ఉండదు, చదువే ఉండదు. అందుకే చట్టం హక్కుకు హద్దు కూడా గీసింది. 1957 చట్టంలోని 52వ సెక్షను ఈ హద్దును నిర్దేశిస్తుంది. పరిశోధనతో సహా వ్యక్తిగత ఉపయోగం, విమర్శ లేదా సమీక్ష, వర్తమాన విషయాల నివేదన – ఈ ప్రయోజనాల కోసం ఒక రచనను న్యాయసమ్మతంగా వినియోగించుకోవడం హక్కు భంగం కాదు. బోధన క్రమంలో ఉపాధ్యాయుడు గాని విద్యార్థి గాని రచనకు ప్రతి తీయడం, పరీక్షలో ప్రశ్నగా ఇవ్వడం, జవాబులో ఉదాహరించడం కూడా అనుమతించినవే. విద్యాసంస్థలో సిబ్బంది, విద్యార్థులు, తల్లిదండ్రులు, సంస్థతో సంబంధం ఉన్నవారు మాత్రమే ప్రేక్షకులుగా ఉన్నప్పుడు విద్యార్థులు నాటకం ఆడవచ్చు, పాట పాడవచ్చు. బహిరంగ స్థలంలో శాశ్వతంగా నెలకొల్పిన శిల్పానికి చిత్రం గీయవచ్చు, ఫోటో తీయవచ్చు.

ఎంత భాగం తీసుకుంటే న్యాయసమ్మతం? పది శాతమని, నాలుగు పంక్తులని, ముప్పై సెకన్లని విద్యార్థులలో రకరకాల నమ్మకాలు ప్రచారంలో ఉన్నాయి. చట్టంలో అటువంటి లెక్క ఏదీ లేదు. ప్రయోజనం ఏమిటి, ఆ ప్రయోజనానికి ఎంత అవసరం, తీసుకున్నది అసలు రచనకు బదులుగా చెల్లుబాటై రచయితకు నష్టం కలిగిస్తున్నదా అన్నవే పరిశీలించవలసిన అంశాలు. నాలుగు పంక్తులను ఉదాహరించి నలభై పంక్తులలో విశ్లేషిస్తే అది విమర్శ. నలభై పంక్తులను దించి చివర 'ఎంత బాగుందో' అని నాలుగు మాటలు రాస్తే అది విమర్శ ముసుగు వేసుకున్న ప్రచురణ.

ఈ విషయంలో అమెరికా చట్టం, భారత చట్టం ఒక్కటి కావని గుర్తుంచుకోవాలి. అమెరికాలో 1841లో న్యాయమూర్తి జోసెఫ్ స్టోరీ ఇచ్చిన తీర్పు ఆ దేశపు సూత్రానికి మూలం. జార్జి వాషింగ్టన్ లేఖల సంపుటాల నుంచి ఒక రచయిత 353 పుటలను తన గ్రంథంలో చేర్చుకోవడం ఆ వివాదానికి కారణం. ఏ భాగాన్ని తీసుకున్నారు, ఎంత తీసుకున్నారు, దానివల్ల మూలగ్రంథం విలువకు కలిగే నష్టమెంత అని విచారించి, అది న్యాయం కాదని స్టోరీ నిర్ణయించారు. 1976 నాటి అమెరికా చట్టం దీనిని నాలుగు ప్రమాణాలుగా క్రోడీకరించింది. వినియోగ ప్రయోజనం, మూలరచన స్వభావం, తీసుకున్న భాగం పరిమాణం, మూలరచన విపణిపై ప్రభావం అన్నవి ఆ నాలుగు. అక్కడ ఏ ప్రయోజనమైనా ఈ గీటురాయిపై నిలిస్తే చెల్లుతుంది. భారత చట్టంలో మాత్రం అనుమతించిన ప్రయోజనాల జాబితా ఉంది. వినియోగం ముందుగా ఆ జాబితాలో ఏదో ఒక దానికి చెందాలి. అంతర్జాలంలో కనిపించే అమెరికా సూత్రాలను చదివి, అవే ఇక్కడా వర్తిస్తాయనుకోవడం పొరపాటు.

ఒక చిన్న దుకాణం – ఒక పెద్ద తీర్పు

విద్యార్థుల హక్కు ఎంత బలమైనదో తెలిపే వ్యాజ్యం ఢిల్లీలో నడిచింది. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ ఆవరణలో రామేశ్వరి ఫోటోకాపీ సర్వీసెస్ అనే చిన్న దుకాణం ఉంది. పాఠ్యప్రణాళికలో సూచించిన గ్రంథాల నుంచి అవసరమైన అధ్యాయాలను నకలు తీసి, కుట్టి, విద్యార్థులకు ఆ దుకాణం అందించేది. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాల ముద్రణ సంస్థలు, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ సంస్థ కలిసి 2012లో ఆ దుకాణంపైన, ఢిల్లీ విశ్వవిద్యాలయంపైన ఢిల్లీ హైకోర్టులో దావా వేశాయి. విద్యార్థులు, అధ్యాపకులు సంఘాలుగా ఏర్పడి ఆ వ్యాజ్యంలో చేరారు. ఒక్కొక్క అధ్యాయం కోసం ఒక్కొక్క ఖరీదైన గ్రంథాన్ని కొనడం సామాన్య విద్యార్థికి సాధ్యం కాదన్నది వారి ఆవేదన.

2016 సెప్టెంబరు 16న ఏకసభ్య ధర్మాసనం దావాను కొట్టివేసింది. అదే ఏడాది డిసెంబరు 9న ద్విసభ్య ధర్మాసనం, బోధన క్రమంలో ప్రతి తీయడం అంటే తరగతి గదిలో పాఠం చెప్పే గంట మాత్రమే కాదని, బోధన ప్రణాళిక మొత్తానికి అది వర్తిస్తుందని వివరించింది. బోధన ప్రయోజనానికి ఎంత అవసరమో అంత తీసుకోవచ్చునని, పుటల సంఖ్యతో హద్దు గీయలేమని చెప్పింది. ప్రచురణకర్తలు 2017లో దావాను ఉపసంహరించుకున్నారు.

ఈ తీర్పు విద్యార్థులకు అండ. అయితే దాని పరిధిని కూడా గ్రహించాలి. అది బోధన కోసం, ఆ పాఠం చదివే విద్యార్థుల కోసం తీసిన ప్రతులకు సంబంధించినది. గ్రంథాన్ని మొత్తంగా స్కాను చేసి లోకమంతటికీ తెరిచి ఉంచడానికి అది అనుమతిపత్రం కాదు. తరగతి గదికి నాలుగు గోడలు ఉంటాయి. అంతర్జాలానికి గోడలు లేవు. కళాశాల సంచిక ఎదుర్కొన్న చిక్కు సరిగ్గా ఇక్కడే ఉన్నది.

పేరు – పరువు

రచయితకు ఆర్థిక హక్కులతో పాటు నైతిక హక్కులు కూడా ఉంటాయి. రచన తనదని చెప్పుకొనే హక్కు, తన పరువుకు భంగం కలిగేలా దానిని వికృతం చేయరాదని అడ్డుకొనే హక్కు 57వ సెక్షను ప్రసాదించినవి. రచనను అమ్మివేసిన తరువాత కూడా ఇవి రచయితను విడిచిపోవు. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్ గోడలకు రూపొందించిన భారీ కంచు శిల్పాన్ని 1979లో ఊడదీసి గిడ్డంగిలో పడవేశారు. దీర్ఘకాలం పోరాడిన ఆ శిల్పికి 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పాన్ని తిరిగి ఇప్పించి, ఐదు లక్షల రూపాయల పరిహారం చెల్లించాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది.

గ్రంథస్వామ్య భంగం, గ్రంథచౌర్యం ఒక్కటి కావు. శ్రీశ్రీ పేరు చెప్పి ఆయన సంపుటాన్ని మొత్తం అంతర్జాలంలో ఉంచితే చౌర్యం లేదు గాని హక్కు భంగం ఉంది. గురజాడ రచనను తన పేరుతో ప్రకటించుకుంటే, గడువు తీరిన రచన కనుక ప్రచురణ హక్కుకు భంగం లేదు గాని చౌర్యం ఉంది. మొదటిది చట్టానికి సంబంధించిన దోషం. రెండవది సత్యానికి సంబంధించిన దోషం. యంత్రమేధ రాసి ఇచ్చిన వ్యాసాన్ని సొంత రచనగా సమర్పించడం కూడా ఈ రెండవ కోవకే చెందుతుంది.

సంచికను సరిదిద్దిన తీరు

పై సూత్రాల వెలుగులో కళాశాల సంచికను తిరిగి పరిశీలించవచ్చు. గురజాడ గేయాన్ని పూర్తిగా ఉంచవచ్చు. కవి పేరు చెప్పడం మర్యాద. శ్రీశ్రీ గేయం విషయంలో చర్చకు అవసరమైన పంక్తులను మాత్రమే ఉంచి, తక్కినవి తొలగించి, ఏ సంపుటంలో చదవవచ్చునో తెలపాలి. కవుల విగ్రహాల ఫోటోలకు అడ్డు లేదు. వాటిని తీసిన విద్యార్థి పేరు చేర్చితే చాలు. నృత్యాన్ని తల్లిదండ్రుల ఎదుట వేదికపై ప్రదర్శించడం చట్టసమ్మతమే. సినిమా పాటతో కూడిన వీడియోను లోకమంతటికీ తెరిచినప్పుడు ఆ వెసులుబాటు వర్తించదు. దానికి బదులు విద్యార్థులే తమ గొంతుతో పాడిన జానపద గేయాన్ని నేపథ్యంగా ఉంచవచ్చు.

ఇక ఛాయాచిత్రం. 'అంతర్జాలంలో దొరికింది' అన్నది సమాధానం కాదు. దారిలో దొరికినంత మాత్రాన వస్తువు దొరికినవారిది కాదు. 'పేరు చేర్చుతాము' అన్నదీ చాలదు. పేరు చెప్పడం మర్యాద, అనుమతి అడగడం బాధ్యత. 'లాభం కోసం చేయలేదు' అన్నది శిక్ష తగ్గడానికి తోడ్పడవచ్చు గాని హక్కు భంగాన్ని చెరిపివేయదు. ఉద్దేశపూర్వకమైన హక్కు భంగానికి 63వ సెక్షను ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలును, యాభై వేల నుంచి రెండు లక్షల రూపాయల వరకు జరిమానాను విధిస్తుంది. వ్యాపార లాభం కోసం చేయని సందర్భంలో న్యాయస్థానం కారణాలు నమోదు చేసి శిక్షను తగ్గించవచ్చు. విద్యార్థులు చేయదగిన పని ఒక్కటే. చిత్రాన్ని వెంటనే తొలగించి, క్షమాపణ కోరుతూ లేఖ రాసి, ఆయన అనుమతిస్తే పేరుతో తిరిగి ఉంచడం.

ముందుగానే అనుమతి ఇచ్చి ఉంచిన రచనలు కూడా కొల్లలుగా ఉన్నాయి. 2001లో స్థాపితమైన క్రియేటివ్ కామన్స్ సంస్థ రూపొందించిన అనుమతిపత్రాలు ఇందుకు మార్గం సుగమం చేశాయి. రచయిత పేరు చెప్పాలి, వ్యాపారానికి వాడరాదు, మార్పులు చేయరాదు, మార్చినదాన్ని అదే షరతుపై పంచాలి – ఈ నాలుగు షరతులలో తనకు తగినవాటిని రచయిత ఎన్నుకుంటాడు. 2003లో ఆరంభమైన తెలుగు వికీపీడియాలోని వ్యాసాలు పేరు చెప్పడం, అదే షరతుపై పంచడం అనే నియమాలతో లభిస్తాయి. వెదికిన ప్రతి చిత్రం కింద ఏ షరతు ఉన్నదో చదవడం విద్యార్థి అలవాటు చేసుకోవలసిన మొదటి పని.

చివరిగా విద్యార్థిని కథ. ఆమె కథ వెలువడిన సంచిక తేదీ, ఆమె నోటుపుస్తకంలోని చిత్తుప్రతి ఆమెకు బలమైన సాక్ష్యాలు. కథను నిలిపి ఉంచిన సంస్థకు ఆమె లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. అటువంటి ఫిర్యాదు అందినప్పుడు ఆ సంస్థ 21 రోజుల పాటు దానిని ఇతరులకు అందుబాటులో లేకుండా చేయాలని, ఆలోగా న్యాయస్థానం నుంచి ఉత్తర్వు తెచ్చుకోవాలని 52వ సెక్షను చెబుతున్నది. మైనరు కనుక తల్లిదండ్రులో సంరక్షకులో ఆమె తరఫున నిలవాలి. తన చెరువును గురించి తాను రాసిన వాక్యాలు తనవేనని చెప్పుకొనే అధికారం ఆమెకు చట్టం ఇచ్చింది.

ఛాయాచిత్రకారుని లేఖను సంపాదకవర్గంలో కొందరు మొదట చిన్న విషయంగా భావించి ఉండవచ్చు. తమ తోటి విద్యార్థిని కన్నీరు చూసిన తరువాత ఆ లేఖలోని ఆవేదన వారికి అర్థమై ఉంటుంది. తన రచనకు గౌరవం కోరేవాడు ఇతరుల రచనను గౌరవించాలి. పూర్వుల నుంచి, సమకాలికుల నుంచి తీసుకోకుండా ఎవరూ కొత్తది సృష్టించలేరు. ఎంత తీసుకోవాలి, ఎలా తీసుకోవాలి, ఎవరికి చెప్పి తీసుకోవాలి అన్న విచక్షణ తెలిసినవాడే మంచి విద్యార్థి, రేపటి మంచి రచయిత.

కఠిన పదాలు – అర్థాలు

గ్రంథస్వామ్యం = రచనపై యాజమాన్య హక్కు
హరణం = అపహరించడం, దొంగిలించడం
లేఖకుడు = ప్రతి రాసేవాడు
శిథిలం = చివికిపోయినది
ఐచ్ఛికం = ఇష్టాన్ని బట్టి చేసేది
ఇతివృత్తం = కథావస్తువు
గుత్తాధిపత్యం = ఒక్కరికే చెందిన అధికారం
క్రోడీకరించు = ఒకచోట చేర్చు
గీటురాయి = బంగారాన్ని పరీక్షించే రాయి, ప్రమాణం
విపణి = అంగడి, మార్కెట్టు
యథాతథంగా = ఉన్నది ఉన్నట్లుగా

సంధులు

విద్యార్థి = విద్యా + అర్థి – సవర్ణదీర్ఘ సంధి
గ్రంథాలయం = గ్రంథ + ఆలయం – సవర్ణదీర్ఘ సంధి
మహోపకారం = మహా + ఉపకారం – గుణసంధి
ప్రత్యేకం = ప్రతి + ఏకం – యణాదేశ సంధి
ఎవరైనా = ఎవరు + ఐనా – ఉత్వసంధి

సమాసాలు

గ్రంథచౌర్యం = గ్రంథం యొక్క చౌర్యం – షష్ఠీ తత్పురుష సమాసం
న్యాయసమ్మతం = న్యాయం చేత సమ్మతం – తృతీయా తత్పురుష సమాసం
నాలుగు గోడలు = నాలుగు సంఖ్య గల గోడలు – ద్విగు సమాసం
తల్లిదండ్రులు = తల్లియును తండ్రియును – ద్వంద్వ సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. న్యాయసమ్మత వినియోగం అంటే ఏమిటి? భారత, అమెరికా చట్టాల మధ్య ఈ విషయంలో గల భేదాన్ని వివరించండి.
2. కళాశాల సంచికలోని అంశాలలో ఏవి చట్టసమ్మతమో, ఏవి కావో కారణాలతో చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. చట్టం భావాన్ని కాక రూపాన్ని రక్షిస్తుందనడానికి ఆధారమైన తీర్పును తెలపండి.
2. ఢిల్లీ ఫోటోకాపీ వ్యాజ్యం విద్యార్థులకు ఇచ్చిన అండ ఏమిటి? దాని పరిధి ఏమిటి?
3. గ్రంథస్వామ్య భంగానికి, గ్రంథచౌర్యానికి గల భేదాన్ని ఉదాహరణలతో రాయండి.

ఇ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. శబ్దహరణం, అర్థహరణం గురించి చర్చించిన గ్రంథం ఏది?
2. భారతదేశంలో సాహిత్య రచనకు రచయిత మరణానంతరం ఎన్నేళ్లు రక్షణ ఉంటుంది?
3. శ్రీశ్రీ రచనల గ్రంథస్వామ్యం ఏ సంవత్సరంతో ముగుస్తుంది?
4. రచయితకు నైతిక హక్కులు ప్రసాదించిన సెక్షను ఏది?

ఈ) ప్రాజెక్టు పని

మీ కళాశాల గ్రంథాలయం నుంచి ఐదుగురు తెలుగు రచయితల గ్రంథాలను ఎన్నుకొని, ఆ రచయితలు మరణించిన సంవత్సరాలను సేకరించి, ఒక్కొక్కరి రచనలకు గ్రంథస్వామ్యం ఎప్పటి వరకు ఉంటుందో లెక్కించి పట్టికగా రాయండి.